రోగం రాకముందు పనిచేసే వైద్యుడు
(పరిశోధనకు వెళ్లదలచిన పిల్లలకు, వారి తల్లిదండ్రులకు)

ఆయుర్వేదానికి ప్రయోజనాలు రెండు. ఆరోగ్యవంతుని ఆరోగ్యాన్ని కాపాడటం మొదటిది, రోగిని రోగం నుండి విడిపించటం రెండవది. ఈ వరుసను మా గురువుగారు ఎన్నడూ తారుమారు కానిచ్చేవారు కారు. అయినను నాలుగు దశాబ్దాలుగా నాయుడుపేటలో నా జీవనం గడచినది రెండవ దాని మీదనే. మొదటి దానికి రుసుము ఇచ్చేవారు లేరు.

ఇటీవల ఒక తండ్రి నన్ను ఈ విషయమే అడిగారు. ఆయన కుమారుడు బి.ఎ.ఎం.ఎస్. పూర్తిచేసి నా వద్ద రెండేళ్లు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు వైద్యశాల పెట్టక, రోగనివారణ పరిశోధనలోకి వెళతానంటున్నాడు. “వైద్యులు గారూ! జబ్బు నయం చేసిన వాడికి నాలుగు రూపాయలు ఇస్తారు. జబ్బు రాకుండా చేశానని పోయి అడిగితే, నాకు జబ్బెక్కడుందయ్యా అంటారు గదా!” అన్నారాయన. ప్రశ్న సబబైనదే. ఇట్టి ప్రశ్న అనేక గృహాలలో ఉన్నదని తెలిసి ఈ పాఠం వ్రాస్తున్నాను.

ముందుగా నెల్లూరు సీమలో జరిగినదే చూద్దాం. 1930 ప్రాంతాలలో ఇక్కడి మెట్ట రైతులు మొదట గమనించినది తమ ఎద్దుల నడకను. కీళ్లు బిగిసి అవి కాడి కింద కదలలేకపోయేవి. కొన్నేళ్లకు అదే బిగుతు మనుషులలో కనబడినది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఈ వ్యాధిని గురించి వ్యాసం ప్రచురించారు. దోషం గాలిలో లేదు, దేవతల కోపంలో లేదు; తాగే నీటిలోని ఫ్లోరైడ్‌లో ఉన్నది. 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అక్కడి పిల్లలలో, యువకులలో మోకాళ్లు లోపలికి వంగిపోవటాన్ని గుర్తించి వ్రాశారు. 1975 నాటికి నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించినది. దానికి నల్గొండ పేరే పెట్టారు.

1937 నుండి 1975 వరకు ముప్పై ఎనిమిదేళ్లు. రోగం పేరు తెలిసిన నాటికి, ఒక బిందె నీరు శుద్ధిచేసే ఉపాయం చేతికి వచ్చిన నాటికి మధ్య గడచిన కాలమది. ఈ రంగంలోకి వెళ్లే పిల్లవాడు ఈ లెక్కను ముందుగానే తెలుసుకొనవలెను. తాను నాటిన దాని ఫలం తన ఉద్యోగకాలంలో కనబడకపోవచ్చును. కనబడినా, అది తిన్నని కాళ్లతో బడికి నడచిపోయే ఒక పిల్లగా కనబడుతుంది. ఆ పిల్ల వచ్చి ఎవరికీ నమస్కారం చెప్పదు.

(గృహిణులకు ఒక మాట: నీటిని మరగబెట్టినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని పాలు ఇంకా పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో ఆ నీరు తాగరాదు. పటికను అంచనా మీద వేయరాదు. నీటి పరీక్ష జరిగిన తరువాతనే మోతాదు.)

ఇక నా తప్పు ఒకటి చెప్పవలసి ఉన్నది. మెట్ట ప్రాంతం నుండి ఒక రైతు నడుము, మెడ పట్టివేసి నా వద్దకు వచ్చేవాడు. వాతమని నిర్ణయించి ఆరు మాసాలు గుగ్గులు ఇచ్చాను, తైలం మర్దన చేయించాను. వారం హాయిగా ఉండి మరల బిగిసేది. ఒకనాడు ఈ కుర్రవాడే మందు పొట్లం కడుతూ, “ఏ బావి నీళ్లు తాగుతావు పెద్దాయనా? మీ వీధిలో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?” అని అడిగాడు. బోరు నీళ్లని, మరి అయిదు ఇళ్లలో ఉన్నదని చెప్పాడాయన. చరక సంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో గాలి, నీరు, దేశం, కాలం చెడిపోయి ఊళ్లకు ఊళ్లే రోగగ్రస్తమయ్యే సంగతి ఉన్నది. నాకు అది కంఠస్థం. కాని ఆరు మాసాలలో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నా నోటికి రాలేదు.

గురుకులంలో మేము చూడటం నేర్చుకున్నాము. నాడి, నాలుక, కన్ను, కంఠస్వరం ఇప్పటికీ నా చేతికి తెలుసు. లెక్కించటం మాత్రం నేర్చుకొనలేదు. తిరిగి రాని రోగులందరూ నయమైనవారేనని మా నమ్మకం. వారిలో వేరొక వైద్యుని వద్దకు పోయినవారెందరో, కాలం చేసినవారెందరో ఎవరు చూశారు? నివారణ పరిశోధకునికి మొదటి విద్య ఇదే. ఒకే ఊరిలో చెరువు నీరు తాగేవారు నూరుగురు, బోరు నీరు తాగేవారు నూరుగురు. ఇరువైపులా ఎందరికి కీళ్లు బిగిశాయి? వారి వయస్సు, తిండి, పని ఒకే తీరుగా ఉన్నవా? ఇంతమాత్రం సరిగా చెప్పాలంటే గణాంకశాస్త్రం చదవక తప్పదు. శ్లోకాలు వచ్చిన పిల్లలు దీనిని చిన్నచూపు చూడటం నేను ఎరుగుదును. అది పొరపాటు.

రెండవది గురువు. పేరున్న సంస్థ కంటె, శిష్యుని లెక్క తప్పినప్పుడు కూర్చోబెట్టి సరిదిద్దే పెద్ద ముఖ్యం. తాను అనుకున్నది రుజువు కానప్పుడు ఆ మాటను కూడా అచ్చువేయమనే వారు దొరికితే వదలరాదు.

ఉద్యోగ స్థిరత్వం విషయంలో తల్లిదండ్రులకు తీపి మాటలు చెప్పలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పి, తరువాత అమెరికాలో హార్వర్డుకు వెళ్లారు. అంత పని చేసినా అక్కడ ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలో వెలువడిన డి.ఇ.సి. మందునే బోదకాలు వ్యాపించకుండా మన కోస్తా ఊళ్లలో ఇంటింటికీ మింగించారు. ఆయన 1948లోనే కన్నుమూశారు.

నేటి దారి అప్పటికంటె మెరుగు. ఆయుర్వేద పట్టభద్రులకు స్వస్థవృత్తంలో ఎం.డి. ఉన్నది. ప్రజారోగ్యంలో ఎం.పి.హెచ్. చదువుకు కొన్ని సంస్థలు వీరిని చేర్చుకొంటున్నవి. జాతీయ పరీక్షలో నెగ్గి జూనియర్ పరిశోధక వేతనం పొందితే, 2023 జనవరి నుండి వర్తించిన సవరణ ప్రకారం నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత సీనియర్‌గా 42,000. ఆ అయిదేళ్లు గడచిన పిమ్మట ఉద్యోగం తానై ఇంటికి రాదు. కనుక ఆ కాలంలో ఇంటిమీద పెద్ద అప్పు, పెళ్లి తొందర పెట్టవద్దని ఆ తండ్రికి చెప్పాను. కుర్రవానికి కూడా, వారానికి ఒక పూట రోగులను చూడటం మానవద్దని చెప్పాను. చేయి మరచిన వైద్యుడు గ్రామంలో ఇంటి అరుగు మీద కూర్చోలేడు, జనం నోరు విప్పరు.

ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకొనలేదు. రెండేళ్లు చూద్దామన్నారు.

కుర్రవాడు వెళుతూ నా పాత రోగుల పుస్తకాలు ముప్పై ఏళ్లవి అడిగి తీసుకొనిపోయాడు. మెట్ట గ్రామాల వారిని వేరుచేసి చూస్తాడట. పది రోజులకు జాబు వ్రాశాడు. సగం మంది రోగుల పేర్ల పక్కన ఊరి పేరు లేదట. తాగే నీటి సంగతి ఒక్క పుటలోనూ లేదట. గత సోమవారం నుండి ఆ రెండు గడులూ కొత్త పుస్తకంలో గీయించాను.