పాత హల్లరు మరకు వెలకట్టు విధము

సొంతముగ బియ్యపు మర నెలకొల్పదలచిన సంఘములు, క్రొత్తదానికి సొమ్ము చాలనపుడు, మూతపడిన మరలనుండి పాత హల్లరును కొనుటకు ఉత్సహించుట సహజము. ఇందు తప్పులేదు. హల్లరు మిక్కిలి సరళమైన యంత్రము. దాని పోత ఇనుప ఒడలు చిరకాలము నిలుచును. అరుగునవి లోపలి భాగములు. కావున వయస్సునుబట్టి గాక అరుగుదలనుబట్టి వెల కట్టవలెను.

కొన్ని యేండ్ల క్రిందట నేనొక సంఘమువారి వెంట పోయి, నిగనిగలాడు ఆకుపచ్చ రంగు వేసిన హల్లరును చూచి బాగున్నదంటిని. నా మాట నమ్మి వారు కొనిరి. రెండవ నెలలోనే రంగు క్రింద పూడ్చియుంచిన బీట తెరచుకొనెను. సభ్యుల వాటాధనము తుక్కు పాలయ్యెను. నాటినుండి నేను రంగును చూచుట మాని, సంచిలో సుద్దముక్కయు, చిన్న సీసాతో కిరసనాయిలును పెట్టుకొని పోవుచున్నాను.

అనుమానము కలిగిన చోట రంగు గీకించి, కిరసనాయిలు పూసి, కొంతసేపు నాననిచ్చి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్ద రుద్దవలెను. బీట యున్నచో అందు ఇంకిన నూనె వెలికివచ్చి సుద్దపై తడిగీతగా తేలును. బేరింగులు కూర్చుండు తావులను, కాళ్ల బోల్టుల చుట్టును తప్పక చూడుడు. పోత ఇనుము సరిగా అతుకుట కష్టము. అట్టిచోట్ల పగిలిన మరను తుక్కు వెలకు మించి కొనరాదు.

పిదప పైమూత విప్పించుడు. యజమాని సంకోచించెనా, బేరము అంతటితో చాలింపుడు. రోలరుపై గట్లు గుండ్రబడినవేమో, జల్లెడ చీలికలు వెడల్పైనవేమో, బ్లేడు రెండంచులును అరిగినవేమో పరీక్షింపుడు. ఒక అంచే అరిగినచో దానిని త్రిప్పి బిగింపవచ్చును. పుల్లీని పట్టి పైకెత్తినపుడు ఇరుసు ఊగినచో బేరింగులు పోయినట్లే. ఇవి మార్చదగిన భాగములు గనుక భయపడ పనిలేదు. అయితే ఒక పోతశాలవారి జల్లెడ వేరొకరి మరకు సరిపడకపోవచ్చును. కొలతలు వ్రాసికొని, అంగడిలో దొరకునని తెలిసికొన్న తరువాతనే బేరమాడుడు.

అసలు పరీక్ష వడ్లతో చేయవలెను. ఆ వడ్లు మీవై యుండవలెను. అమ్మువాడు తన వడ్లు పోసి, నూకలేని బియ్యము చూపి మురిపింపవచ్చును. అవి ఉప్పుడు వడ్లైనచో గింజ గట్టిపడియుండును గనుక అరిగిన మరలోనైనను తక్కువగా విరుగును! ఉడికింపని వడ్లు, తేమ నూటికి 14 పాళ్లకు మించకుండ ఎండినవి, 100 కిలోలు తూచి పోయుడు. ఊక రమారమి 20 కిలోలు, తవుడు 8 మొదలు 10 వరకు పోవును గనుక 70 కిలోలకు మించి బియ్యము ఆశింపరాదు. హల్లరులో 65 కిలోలు వచ్చినచో మెచ్చదగినదే. నూకలను వేరుగా తూచుడు. ఈ మర ఊకను తవుడును కలిపి విడుచును. ఆ కుప్పనుండి దోసెడు తీసి చెరిగి చూడుడు. అందు నూకలు విస్తారముగ కనబడినచో జల్లెడ మార్చవలసినదే. గంటసేపు నడిపించి బేరింగుపై చేయి పెట్టుడు. చేయి నిలువనంత వేడియైనచో ఆ ఖర్చును లెక్కలో చేర్చుడు.

ఆయిలు ఇంజనుతో కూడ అమ్మజూపినచో, పోయిన వెంటనే దానిని తాకి చూడుడు. వెచ్చగానున్న యెడల మీరు వచ్చుటకు ముందే ఎవరో నడిపించిరన్నమాట. చల్లారువరకు వేచియుండుడు.

ఇక లెక్క. అదే కొలతగల క్రొత్త హల్లరు నేటి వెల వ్రాసి, అందుండి మార్చవలసిన భాగముల ఖరీదు, బిగింపు కూలి, పాతదానిని విప్పి తెచ్చు బాడుగ తీసివేయుడు. దిమ్మె కట్టుబడి క్రొత్తదానికిని తప్పదు గనుక తీసివేయనక్కరలేదు. మిగిలినదానిలో సగమునకు మించి నేనైతే ఇయ్యను. మర పనివారు కొందరు ఇది పిసినారితనమందురు, అననిండు. ఆ మరపై అప్పు లేదని విచారించి, దానిపై చెక్కిన సంఖ్యను రసీదులో వ్రాయించి, సొమ్మును సంఘపు చెక్కు రూపముననే చెల్లింపవలెను.