నయమాను దిగిన మెట్లు

పాఠ్యభాగము: 2 రాజులు 5:1-14, లూకా 18:9-14



మన ఆత్రేయపురంలో పూతరేకు ఎలా వస్తుందో మీకు తెలుసు. నిలబెట్టిన కుండ మీద రేకు రాదు. దానిని బోర్లించి, కింద మంట పెట్టి, పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దానిమీద పరచి తీస్తారు. ప్రార్థనలో మన హృదయము కూడా ఆ బోర్లించిన కుండవలె ఉండవలెను. బోర్లించిన కుండలో దాచుకొన్నది ఏదీ నిలువదు.

సిరియా సైన్యాధిపతియైన నయమాను గొప్పవాడు, గాని కుష్ఠరోగి. అతడు ఎలీషా ఇంటికి రథములతో వచ్చాడు. ప్రవక్త బయటకు రాలేదు. యొర్దానులో ఏడు మారులు స్నానము చేయుమని కబురు మాత్రము పంపాడు. నయమానుకు కోపము వచ్చింది. తన దేశపు నదులు ఇంతకంటె మంచివి కావా అనుకొన్నాడు. గోదావరి ఒడ్డున పుట్టిన మనమైనా అలాగే అనుకొనేవారమేమో! అతనికి స్వస్థత కావాలి, కాని తాను ఊహించుకొన్న పద్ధతిలోనే కావాలి. మన ప్రార్థనలలో దాగియుండే గర్వము ఇదే. అతడు మూడు మెట్లు దిగవలసి వచ్చింది.

1. రథము దిగుట. దేవాలయములో పరిసయ్యుడు తన ఉపవాసములను లెక్క చెప్పాడు. సుంకరి కనికరము మాత్రమే అడిగాడు. నీతిమంతుడుగా ఇంటికి వెళ్ళినది సుంకరియే. మన పదవి, కానుకలు, సంఘములో పెద్దరికము ప్రార్థనలో లెక్కకు రావు.

2. దాచినది విప్పుట. నీటిలో దిగేవాడు మచ్చను దాచుకొనలేడు. బైబిలులో ఈ పేరుతో చెప్పబడిన చర్మవ్యాధులన్నీ నేటి కుష్ఠు కాకపోవచ్చు. అయినా ఒక మాట వినండి. ఒంటిమీద పాలిపోయిన లేక ఎర్రబారిన, స్పర్శ తెలియని మచ్చ ఉంటే "నలుగురూ ఏమనుకుంటారో" అని దాచవద్దు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఎం.డి.టి. మందులతో కుష్ఠు నయమవుతుంది. వ్యాధి రకాన్ని బట్టి 6 నెలలు లేక 12 నెలలు వాడాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ మందులు ఉచితం. ఆలస్యము చేస్తే నరములు దెబ్బతిని, చేతులకు, కాళ్ళకు వైకల్యము రావచ్చు. దేవునికి చెప్పి డాక్టరు దగ్గర దాచుట విశ్వాసము కాదు. అది పరువు గూర్చిన భయము.

3. చిన్నవారి మాట వినుట. నయమానుకు దారి చూపినది చెరపట్టబడిన ఒక చిన్నది. కోపముతో వెళ్ళిపోతున్నవానిని నిలిపినది అతని దాసులు. మన డెల్టాకు సువార్త తెచ్చినవారు కూడా లోకము దృష్టికి గొప్పవారు కారు. 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లాండు నుండి బయలుదేరిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో వారు ప్రయాసపడ్డారు. ధవళేశ్వరం ఆనకట్ట (1847-1852) కూలీలకు బౌడెన్ వాక్యము చెప్పాడు. దేవుడు నేడు నర్సమ్మ నోట, ఆశా కార్యకర్త నోట, ఇంట్లో కోడలి నోట మనకు జవాబు పంపవచ్చు. "నాకు చెప్పేంతదానివా?" అనవద్దు.

ఈ వారము ఇలా చేయండి
* ప్రార్థనలో మొదట మీ మంచిని కాక, మీ అవసరమును చెప్పండి.
* దాచిన ఒక పాపమును దేవునితో, దాచిన ఒక బాధను డాక్టరుతో చెప్పండి.
* మీకంటె చిన్నవారు చెప్పిన ఒక మంచి మాటను ఆచరించండి.
* మీరు మాట పడనివ్వని ఒకరి కొరకు పేరుపెట్టి ప్రార్థించండి.

ప్రార్థన: ప్రభువా, నేను కోరిన దారిలోనే రమ్మని నిన్ను అడిగాను, క్షమించుము. నీవు చూపిన నీటిలో దిగుటకు నాకు దీనమనస్సు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము తండ్రీ, ఆమెన్.