వేడి పార: క్రొత్తదనమును నిర్ణయించుట యెట్లు?

విజ్ఞాన ప్రదర్శనములలో బాలురు చేసిన వస్తువులను జూచి, "ఇందులో క్రొత్త యేమున్నది? ఎవరికైనను తోచునదే" యని పలుకు పెద్దలు తరచుగ కానవత్తురు. పేటెంటు హక్కుల న్యాయస్థానములును ఈ ప్రశ్ననే వేసికొనును. కాని అంత తేలికగ ముగింపవు.

అమెరికాలో మంచు కురియు ప్రాంతములందు వాకిటి మంచును పారతో నెత్తి పోయుదురు. తడిమంచు పారరేకున కంటుకొని జారదు. ఒకడు రేకు వెనుక విద్యుత్తుతో వేడెక్కు తీగ నమర్చి హక్కు కోరినాడనుకొందము. పార ప్రాతదే, వేడితీగ మన ఇస్త్రీపెట్టెలో నున్నదే. రెంటిని గూర్చుట ఘనకార్యమా?

అచ్చటి 1952 నాటి చట్టము ప్రకారము, ఆ పనిలో సామాన్యమైన నేర్పు గలవానికి అది ముందే తేటతెల్లముగ తోచునదైనచో హక్కు లేదు. 1966లో గ్రాహమ్, జాన్ డీర్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు విచారణక్రమమును చెప్పినది: పూర్వమున్న దేమి, దానికిని దీనికిని భేదమేమి, ఆ పనివాని నేర్పెంత. చిరకాలముగ తీరని కొరత, ఇతరుల వైఫల్యము కూడ సాక్ష్యములే.

"ముందే" యను మాటను తలిదండ్రులు గమనింపవలెను. పొడుపుకథ విప్పిన పిదప అందరికిని అది సులభమే. కనుక న్యాయాధిపతి తాను చూచిన పారను మరచి, అది పుట్టకముందటి పనివాని స్థానమున నిలువవలెను. ఇది మిక్కిలి కష్టము.

తీగ తీగవలె వేడెక్కి, పార పారవలె ఎత్తిన, ఫలితము ఊహింపదగినదే, హక్కు రాదు. తెలిసిన భాగములు తమ తెలిసిన పనులనే చేసినచో అది తేటతెల్లమని 2007లో మోటారుకారు పెడలును గూర్చిన తీర్పున చెప్పిరి. లోహపు తలుపుపిడికి బదులు మట్టిపిడి పెట్టుట నేర్పరి పనియే గాని నవకల్పన కాదని 1851లోనే తేల్చిరి.

అయినను తొందర కూడదు. సున్న డిగ్రీల మంచును కిలో కరగించు వేడితో కిలో నీటిని సున్న నుండి 80 డిగ్రీలకు కాచవచ్చును. చేతిపారలోని చిన్న బ్యాటరీకి అది పెద్ద భారము. కరగిన నీరు మరల గడ్డకట్టి రేకును పట్టుకొనునని పనివారందరు ఈ యత్నమును మానియుండగా, రేకును తాకిన పలుచని పొరకు మాత్రమే చాలు వేడిని ఇతడు కుదిర్చెనేని తీర్పు మారవచ్చును. 1966లోనే ఆడమ్స్ బ్యాటరీ వ్యాజ్యమున అట్లే జరిగినది: మెగ్నీషియము, క్యుప్రస్ క్లోరైడు రెండును తెలిసినవే, కాని నీరు పోసిన పనిచేయు ఆ బ్యాటరీని నిపుణులు మొదట నమ్మలేదు. హక్కు నిలిచినది.

మన దేశపు 1970 నాటి పేటెంటు చట్టమునను ఈ నియమము గలదు. ఇకమీదట మా ప్రదర్శనమున ప్రతి వస్తువు ప్రక్కను ఒక పుస్తక ముంచెదము. పూర్వ మేమున్నది, తాను మార్చిన దేమి, ఎన్ని మారులు చెడినది బాలుడే వ్రాయును. పెద్దలు దానిని చదివి పిమ్మట ప్రశ్నింపగోరెదము.