డిస్కు తుడుచుటకు ముందు

చివ్వెంల



విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున నీ డి.టి.పి. దుకాణపు కంప్యూటరులో విండోస్ 11 వేయదలచితివనియు, అదియును పాతదానిపై గాక సీ డ్రైవును పూర్తిగా తుడిచి వేయవలెనని యున్నదనియు వ్రాసితివి. సంకల్పము మంచిదే, పాతదానిపై వేసిన క్రొత్తది పూర్వపు లోపములను గూడ మోసికొని వచ్చును.

అయితే నాయనా, అప్‌గ్రేడ్ అనునది పూర్వపు ప్రతి గలవానికి మాత్రమే సంక్రమించు హక్కు. విండోస్ 98 నాడును, ఎక్స్‌పీ నాడును, ఖాళీ డిస్కుపై మొదలిడినను పాత సీడీని ఒక్కమారు చూపినచో సెటప్ సమ్మతించెడిది. 2007లో వెలువడిన విస్టా ఆ సౌలభ్యమును తొలగించి, పాత విండోస్ నడచుచుండగా దానిలోనుండియే సెటప్ ప్రారంభింపవలెనని నిర్బంధించెను. నేడు ఆ సాక్ష్యము, నీ మదర్‌బోర్డు ఆనవాలుతో, మైక్రోసాఫ్ట్ సర్వరులో డిజిటల్ లైసెన్సుగా నమోదై యుండును. కావున సెట్టింగులలో యాక్టివేషన్ పుటను కన్నులార చూచి, నీది హోమో ప్రోవో గుర్తుంచుకొని, యంత్రమున విండోస్ 11 కోరు టీపీఎం 2.0 గలదని నిశ్చయించుకొనిన పిమ్మటనే సెటప్‌కై 8 జీబీ పెన్‌డ్రైవును సిద్ధపరచుము. కీ అడిగినపుడు లేదని చెప్పి, అదే ఎడిషనును వేసినచో, ఇంటర్నెట్టు తగిలినంతనే యాక్టివేషన్ తనంత తానే జరుగును.

ఇంతకంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. రెండేండ్లకొకమారు వచ్చు దురాజుపల్లి పెద్దగట్టు జాతర కరపత్రములును, ఊరూరి పెండ్లిపత్రికలును నీవు పేజ్‌మేకరులో ‘అను’ ఫాంట్లతో కూర్చినవే గదా! అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్లలో తెలుగు రూపములు ఆంగ్లాక్షరముల స్థానములలో అమరియుండును. ఫాంటు లేని యంత్రమున ఆ ఫైలును తెరచితివా, వధూవరుల పేర్లు అర్థము లేని రోమన్ గుర్తులై నిలుచును. విండోస్‌తో వచ్చు నిర్మల ఫాంటు దానికి అక్కరకు రాదు. ఆ ఫాంట్లు సీ డ్రైవులో విండోస్ ఫోల్డరునందే యుండును గనుక, డాక్యుమెంట్లు మాత్రమే దాచుకొన్నవాడు ఏండ్ల కష్టమును పోగొట్టుకొన్నట్లే. కావున ఫాంట్లను, వాని ఇన్‌స్టాలరును, పేజ్‌మేకరు సీరియల్ నంబరును, ప్రింటరు డ్రైవరును వేరొక హార్డ్‌డిస్కులోనికి ఎక్కించుము. ఎక్కించితినని తృప్తిపడక, ఆ ఫాంట్లను మరియొక కంప్యూటరులో వేసి, పాత పత్రిక నొకదానిని తెరచి అక్షరమక్షరము చదువుము.

పార్టిషన్లను తొలగించునపుడు వాని పరిమాణములను చూచి, డీ డ్రైవును తాకకుము. అంతయు ముగిసి, అదే పత్రిక క్రొత్త విండోస్‌లో కాగితముపై తప్పులేక అచ్చయినదాక ఆ హార్డ్‌డిస్కులో ఒక్క ఫైలును గూడ చెరిపివేయకుము.