ఇనుప కచ్చడం నిజంగా ఉండేదా?

ప్రశ్న: తాపీ ధర్మారావు గారి ‘ఇనుప కచ్చడాలు’ పుస్తకం కాలేజీ రోజుల్లో చదివాను. ఈమధ్య వెనిస్ వెళ్తే డోజ్ ప్యాలెస్ ఆయుధశాలలో నడుముకు తొడిగి తాళం వేసే అలాంటి ఇనుప పట్టీయే కనిపించింది. క్రూసేడ్లకు పోతూ భర్తలు భార్యలకు తొడిగి, తాళంచెవి వెంట పట్టుకుపోయేవారని గైడు చెప్పాడు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నమ్మకండమ్మా. క్రూసేడ్లనే ఆ మతయుద్ధాలు 1096లో మొదలయ్యాయి. 1291లో అక్రే పట్టణం క్రైస్తవుల చేజారాక ఆ పోరు దాదాపు ముగిసింది. ఆ రెండు వందల ఏళ్ల రాతల్లో ఒక్క భార్యకు కూడా ఇలా తాళం వేసిన దాఖలా లేదు. మొదటి బొమ్మ కనిపించేది 1405లో. జర్మన్ ఇంజినీరు కోన్రాడ్ కైజర్ యుద్ధయంత్రాల మీద రాసిన ‘బెల్లిఫోర్టిస్’లో దాన్ని గీసి, ఫ్లోరెన్స్ ఆడవాళ్లు తొడిగేదని కింద ఒక ముక్క రాశాడు. అదే పుస్తకంలో కొంటె ఊహలకూ కొదవ లేదు. పక్క దేశపు ఆడవాళ్ల మీద వేళాకోళంగానే దాన్ని చదవాలని నా అభిప్రాయం.

మీరు చూసినది పాదువా ప్రభువు ఫ్రాన్చెస్కో కర్రారా ఇంటిదని చెబుతారు. ఆయన్ని 1406లో చెరసాలలో చంపించింది వెనిస్ వాళ్లే. ఓడినవాడి మీద కథలు కట్టడం గెలిచినవాడికి ఎంత సేపు?

ధర్మారావు గారిని తప్పు పట్టలేం. ఆయన రాసే నాటికి యూరప్‌లో పెద్ద పెద్ద మ్యూజియంలే వీటిని అద్దాల పెట్టెల్లో పెట్టి చూపించేవి. బ్రిటిష్ మ్యూజియం తన దగ్గర 1846 నుంచి ఉన్నదాన్ని 18, 19 శతాబ్దాల్లో వింత కోసమో వెకిలి సరదా కోసమో చేయించి ఉంటారని తర్వాత తేల్చింది. అరిజోనా యూనివర్సిటీ ఆచార్యుడు ఆల్బ్రెక్ట్ క్లాసెన్ 2007లో ఈ కట్టుకథ పుట్టుక మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

ప్రశ్న: సరే, ఎవరైనా నిజంగా తొడిగారనే అనుకుందాం. నెలల తరబడి ఒంటి మీద ఉంచుకోవడం సాధ్యమేనా?
– ఒక నర్సు, కరీంనగర్

జవాబు: మీకు తెలియనిది కాదు. నడుము చుట్టూ ఇనుప పట్టీ, కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోయే రేకు, ముందువైపు పళ్లున్న సన్నని చీలిక, వెనక చిన్న రంధ్రం – మ్యూజియం నమూనాలు సాధారణంగా ఇలా ఉంటాయి. మూత్రం, చెమట తగిలిన ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. నడుస్తుంటే అంచు తొడ లోపలి చర్మాన్ని ఒరుసుకుంటుంది. లోపల మఖమల్ కుడితే తడి పీల్చి మరీ కుళ్లుతుంది. నెలసరి సంగతి చెప్పనే అక్కర్లేదు. యాంటీబయాటిక్ లేని రోజుల్లో అక్కడ పుండు పడితే చీము ఒంట్లోకి పాకి ప్రాణం తీస్తుంది. భర్త బయల్దేరే నాటికే ఆమె గర్భవతి అయితే? క్రూసేడ్లకు పోయినవాళ్లలో తిరిగి రానివాళ్లు ఎందరో, వాళ్లతో పాటు తాళంచెవీ పోయినట్టే కదా!

పైగా ఆ తాళం ఊరి కమ్మరికి ఒక లెక్కా? ఈ గుట్టు ఆనాటి వాళ్లకూ తెలుసు. 16వ శతాబ్దపు జర్మన్ చెక్క అచ్చు బొమ్మ ఒకటుంది. కచ్చడం తొడుక్కున్న పడుచు పెళ్లాం ముసలి మొగుడి డబ్బుసంచిలో చెయ్యి పెడుతుంటుంది. రెండో పక్క ప్రియుడు మారు తాళంచెవి పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. నవ్వులపాలైంది ముసలాయనే.

ప్రశ్న: అయితే ఇదంతా ఉత్త కల్పనేనా? అసలు ఎవరూ ఎప్పుడూ తొడగలేదా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: ఆ మాట అనలేను. హస్తప్రయోగం వల్ల పిచ్చి పడుతుందని, ఒళ్లు చిక్కిపోతుందని 19వ శతాబ్దపు వైద్యులు గట్టిగా నమ్మారు. దాన్ని ఆపడానికని 1848లో ఎడింబరోలో జాన్ మూడీ అనే డాక్టరు ఆడపిల్లల కోసం ఇలాంటి పట్టీ ఒకటి సూచిస్తూ పుస్తకం వేశాడు. అమెరికాలో మగపిల్లలకు, మానసిక రోగులకు తొడిగే సాధనాల మీద పేటెంట్లే తీసుకున్నారు. ఆవిరి రైళ్లు తిరుగుతున్న కాలంలో, చదువుకున్న డాక్టర్ల సలహా మీద జరిగిన పని ఇది. మధ్యయుగాలను అనాగరికమని వెక్కిరించిన శతాబ్దమూ అదే. క్రూసేడ్ల నాటిదంటూ ఎవరైనా మీకు ఇనుప కచ్చడం అమ్మజూపితే మాత్రం డబ్బు పెట్టకండి.