ఎర్రదీపం ఏం చెబుతోంది?

దుగ్గిరాల అనగానే పసుపు మార్కెట్టు గుర్తుకొస్తుంది. ఆ ఊళ్లో ఒక ఇంట్లో పాత అంబాసిడర్ కారు ఉందనుకోండి. ఇంటాయన దాన్ని కిరాయికి తిప్పుతాడు. తెనాలి ఆసుపత్రికి, బెజవాడ రైలుకి, పెళ్లిళ్లకి ఆ కారే పోతుంది. ఆ ఇంటికి అదే బతుకుదెరువు.

ఒక రాత్రి తెనాలి నుంచి వస్తుంటే కారు లైట్లు మసకబారాయి. తెల్లారి కారు స్టార్టు కాలేదు.

"బ్యాటరీ పోయింది. కొత్తది కొనాలి" అన్నాడు భర్త.

"కొని ఆర్నెల్లు కాలేదు కదండీ! అసలు దాన్లోకి కరెంటు వస్తోందా?" అంది భార్య.

ఇద్దరూ మెకానిక్‌ను పిలిపించారు. అతను బానెట్ ఎత్తి ఒక్కొక్కటే చూపించాడు.

డైనమో అంటే ఏమిటి?

అయస్కాంతం దగ్గర రాగి తీగచుట్ట తిరిగితే తీగలో కరెంటు పుడుతుంది. ఈ సంగతిని 1831లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. డైనమో పని చేసేది ఇలాగే. ఇంజను తిరిగితే బెల్టు తిరుగుతుంది. బెల్టు డైనమోను తిప్పుతుంది. అందులో పుట్టిన కరెంటు బ్యాటరీని నింపుతుంది.

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. వాటిలో పాత బండ్లకు డైనమో ఉండేది. తర్వాతి బండ్లకు ఆల్టర్నేటర్ వచ్చింది.

వైర్లు ఎటు పోతాయి?

డైనమోకు రెండు వైర్లు ఉంటాయి. లావు వైరు 'డి'. పుట్టిన కరెంటు దీని గుండా బయటికి వస్తుంది. సన్న వైరు 'ఎఫ్'. ఇది కొంచెం కరెంటును డైనమో లోపలి తీగచుట్టకు అందిస్తుంది. దాంతో అయస్కాంత బలం పెరుగుతుంది. ఆ బలం లేకపోతే డైనమో తిరిగినా చాలినంత కరెంటు పుట్టదు.

రెండు వైర్లూ ఒక చిన్న పెట్టెలోకి పోతాయి. ఆ పెట్టెలో రెండు భాగాలు ఉంటాయి.

ఒకటి కటౌటు. ఇది కాలువ తూముకు తలుపు లాంటిది. డైనమో దగ్గర సుమారు 13 వోల్టులు వస్తే తలుపు తెరుచుకుంటుంది. ఇంజను ఆగితే మూసుకుంటుంది. లేకపోతే బ్యాటరీలోని కరెంటు వెనక్కి పారి ఖాళీ అవుతుంది.

రెండోది రెగ్యులేటరు. కరెంటు మితిమీరకుండా ఇది అదుపు చేస్తుంది.

ఎర్రదీపం

తాళం తిప్పగానే ఎర్రదీపం వెలగాలి. ఇంజను వేగం అందుకున్నాక ఆరిపోవాలి. ఆరకపోతే బ్యాటరీకి కరెంటు అందడం లేదని అర్థం.

"రాత్రి ఆ దీపం వెలిగిందా అన్నా?" అడిగాడు మెకానిక్.

"దారంతా వెలుగుతూనే ఉంది. పట్టించుకోలేదు" అన్నాడు భర్త.

బెల్టు బిగుతుగానే ఉంది. 'ఎఫ్' వైరు మాత్రం డైనమో దగ్గర ఊడిపోయి వేలాడుతోంది. మెకానిక్ దాన్ని శుభ్రం చేసి బిగించాడు. బ్యాటరీని ఛార్జింగుకు పెట్టించారు. మళ్లీ బిగించి ఇంజను వేగం పెంచగానే ఎర్రదీపం ఆరింది. కొత్త బ్యాటరీ ఖర్చు తప్పింది.

ఆమె కాగితం ముక్కల మీద 'డి లావు', 'ఎఫ్ సన్నం' అని రాసి వైర్లకు దారంతో కట్టింది.

జాగ్రత్తలు

1. బెల్టు తెగినా ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడు నీళ్ల పంపు కూడా ఆగి ఇంజను వేడెక్కుతుంది. వెంటనే బండి ఆపాలి.
2. ఇంజను నడుస్తుండగా బెల్టు దగ్గరికి చీరకొంగు, జడ రానీయకూడదు.
3. వైర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ నుంచి బాడీకి పోయే వైరు తీసేయాలి.
4. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. అందులోని యాసిడ్ ఒంటి మీద పడితే కాలుతుంది.

జవాబులు రాయండి

1. డైనమోను ఏది తిప్పుతుంది?
2. కటౌటు లేకపోతే ఏమవుతుంది?
3. బ్యాటరీ బాగున్నా కారు ఎందుకు స్టార్టు కాలేదు?