రాకెట్‌కు బరువు ఎక్కడ, ఎంత?

ప్రశ్న: మాది మామిడికుదురు మండలం నగరం. కాకినాడలో చదువుకుంటూ సాయంత్రాలు టెన్నిస్ ఆడుతున్నాను. నా రాకెట్ 285 గ్రాములు. గట్టిగా వచ్చిన బంతిని తిప్పికొట్టబోతే చేతిలో మెలి తిరిగిపోతోంది. ఫ్రేమ్‌కు సీసం టేపు అంటించమంటున్నారు. ఎక్కడ అంటించాలి? టేపు లేకపోతే చేపల వలకు కట్టే సీసం వాడొచ్చా?

జవాబు: ముందు వల సీసం సంగతి. వద్దండీ. ఊపులో అది ఊడిందంటే అవతలివాళ్ల కంటికే ప్రమాదం. పలచగా సాగగొడదామని సుత్తి పట్టుకోకండి, సీసం విషం. వెనక జిగురున్న టేపు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఖరీదెక్కువైనా టంగ్‌స్టన్ టేపే కొనండి.

బంతి నడిమికి కాక పక్కకు తగిలినప్పుడు రాకెట్ మెలి తిరుగుతుంది. కాబట్టి బరువూ పక్కలకే చేరాలి. రాకెట్ తలను గడియారం అనుకుంటే 3, 9 అంకెలుండే చోట్లన్నమాట. ఫ్రేమ్‌ను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. ఒక్కో పక్క 2 గ్రాముల టేపును తూచి రెండు ముక్కలు చేసి, ఫ్రేమ్ లోపలి అంచున తీగల వరుసకు అటొకటి, ఇటొకటి అంటించండి. ఈ 4 గ్రాములతో ఓ వారం ఆడి చూశాకే ఇంకో గ్రాము గురించి ఆలోచించండి.

పైన, 12 దగ్గర మాత్రం తొందరపడి అంటించొద్దు. ఊపేటప్పుడు చేతికి తెలిసే బరువును స్వింగ్ వెయిట్ అంటారు. పిడి అడుగు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర ఇరుసు ఉందనుకుని దాన్ని లెక్కిస్తారు. ఇరుసు నుంచి దూరం రెట్టింపైతే ప్రభావం నాలుగింతలవుతుంది. అందుకే తల కొసన పెట్టిన ఒక్క గ్రాము స్వింగ్ వెయిట్‌ను 3 పాయింట్లకు పైగా పెంచుతుంది. అదే గ్రాము పక్కన పెడితే పెరిగేది 2 పాయింట్ల లోపే. పిడిలో పెడితే దాదాపు ఏమీ పెరగదు. పక్కల పెట్టిన 4 గ్రాములతో రాకెట్ తూకం నిలిచే చోటు తల వైపు సుమారు 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. తల బరువెక్కినట్టు అనిపిస్తే గ్రిప్ విప్పి పిడికి మరో 4 గ్రాములు చుట్టండి, తూకం మళ్లీ మొదటి చోటికి వస్తుంది.

టెన్నిస్ దిగ్గజం పీట్ సంప్రాస్ సీసం చేర్చిన బరువైన రాకెట్‌తోనే ఆడాడు, నిజమే. కానీ ఆ భుజబలం, ఆ సాధన వేరు. మోచెయ్యి నొప్పి పుడితే టేపు వెంటనే పీకేయండి. నిబంధనల భయం అక్కర్లేదు, బరువు సర్దుకోవడానికి టెన్నిస్ అనుమతిస్తుంది.

ప్రశ్న: అమలాపురం నుంచి రాస్తున్నాను. మా పాపకు 11 ఏళ్లు, షటిల్ ఆడుతుంది. సాత్విక్‌లా స్మాష్ కొట్టాలని దాని ఆశ. రాకెట్ తలకు బరువు చేర్చమంటారా?

జవాబు: చేర్చకండమ్మా. మీ ఊరి సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించింది యోనెక్స్ నానోఫ్లేర్ 1000 జెడ్‌తో. అది తల తేలికగా ఉండే రాకెట్! ఆ వేగం భుజం, ముంజేయి, మణికట్టు ఒకదాని వెంట ఒకటి కదిలే తీరులోంచి వచ్చింది. పైగా షటిల్ రాకెట్ బరువే 80, 85 గ్రాములు. దానికి 2 గ్రాములు చేర్చడమంటే టెన్నిస్ రాకెట్‌కు 7 గ్రాములు చేర్చినట్టే. లేత భుజానికి అది భారం. దానికి బదులు తీగల బిగింపు చూపించండి. ఈ వయసుకు 20 పౌండ్ల దరిదాపు చాలు.